పందులకు ముందే తెలుసు

నవంబరు 4, సోమవారం

విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకులో దిగాను. టైడా దాటాక సొరంగం వచ్చినప్పుడల్లా అద్దాల పెట్టెలో టూరిస్టులు పిల్లలతో పోటీపడి కేకలు పెట్టారు. చీకటికి కేక, వెలుతురుకి సెల్ఫీ. నాకు మాత్రం చదవాల్సిన కాగితాలున్నాయి. పదకొండు మందికి రెండో డోసు ఇస్తే ముగ్గురు అయిదు నిమిషాల్లో పడిపోయారట. ముగ్గురి కాగితాల మీదా డాక్టర్ దుర్గాప్రసాద్ గారు ఒకటే కారణం రాశారు: "భయం". గుండ్రటి దస్తూరీ. ముచ్చటేసింది.

ఇక్కడి మిషన్ ఆస్పత్రిలో జరుగుతున్న ఈ ట్రయల్‌కి ఆయనే పెద్ద. నేను కంపెనీ కెమిస్టుని. అంటే మందు నాది. కొండవాళ్ళ భయం పోగొట్టి రమ్మని మా వైస్ ప్రెసిడెంటు వరహాలరావు గారు పంపారు. "నువ్వు చీపురుపల్లి పిల్లవి బిందూ, వాళ్ళ భాష నీకొచ్చు," అన్నారు. చీపురుపల్లికీ ఈ కొండలకీ మధ్య ఎన్ని భాషలున్నాయో ఆయనకి తెలీదు. తెలుసుకోవడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు.

ఆస్పత్రి వెనక గెస్ట్ రూము ఇచ్చారు. కిటికీ నిండా పసుపుపచ్చని వలిసె పూలు.

నవంబరు 5

రేపటి మీటింగులో చెప్పాల్సింది రాసుకుని ప్రాక్టీసు చేస్తున్నాను.

"అమ్మలారా, అయ్యలారా! సికిల్ సెల్ అంటే ఎర్రకణం కొడవలిలా వంగిపోయే జబ్బు. వంగిన కణాలు సన్న నరాల్లో ఇరుక్కుంటే ఒళ్ళంతా నొప్పి. ఆ వంపుని ఆపే మందు ఉంది. కానీ ఉత్త మందు ఒంట్లోకి పంపితే గంటలో బయటికి పోతుంది. అందుకని వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే గుళికలో దాన్ని పెట్టాం. ఆ గుళిక పాలిమర్‌తో చేసిన నానో కణం. మన ఒంట్లో కాపలా కణాలు కొత్తది ఏది కనిపించినా మింగేస్తాయి. అందుకని గుళికకి కోటు తొడిగాం. ఆ కోటు పేరు పెగ్. కోటు తొడిగితే కాపలాకి కనపడదు. నెలకి ఒక్క డ్రిప్పు చాలు."

బాగానే ఉంది. నాలుగేళ్ళ నా బతుకు అరపేజీలో అయిపోయింది. పేటెంటులో నా పేరు మూడోది. మొదటి రెండు పేర్లవాళ్ళు ఆ గుళికని ఫొటోలో చూశారు.

పందుల గురించి ఎవరూ అడగరు.

నవంబరు 6

ఆస్పత్రి హాల్లో ముప్ఫై మంది దాకా వచ్చారు. పేషెంట్లు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. పెగ్ అనగానే వెనక బెంచీలోంచి ఒకతను, "మందు మీద పెగ్గా మేడమ్? మరి నంజుకోడానికేటి?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కంపెనీ నేర్పిన నవ్వు.

అతని పేరు మల్లేశు. ఇరవై ఆరేళ్ళు. జీపు నడుపుతాడు. పక్కన కూర్చున్న తల్లి సోములమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది.

"ఆ కోటు ఎవుల కళ్ళు కప్పడానికమ్మా? రోగం కళ్ళా, మా కళ్ళా?"

"మీ ఒంట్లో కాపలా కణాల కళ్ళు."

"మరి అయి మావే గదా?"

నేను నీళ్ళు తాగాను. మల్లేశు అందుకున్నాడు. "చెక్‌పోస్టు గార్డు కూడా మొదటిపాలి సూడడమ్మా. రెండోపాలి దూరంలోనే బండి నంబరు సదివేత్తాడు."

ముప్ఫై పరిశోధన పత్రాలు ఆఖరి పేజీలో గొణిగే సంగతిని జీపు డ్రైవరు ఒక్క ముక్కలో చెప్పేశాడు. "అలా కాదు," అన్నాను. మరెలాగో చెప్పలేదు. స్లైడు మార్చాను.

మీటింగు అయ్యాక అతనే నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, నాకు మొదటి డోసు ఇచ్చి ఇరవై రోజులైనాది. పన్నెండేళ్ళలో నొప్పి లేకుండా ఇన్ని రోజులు గడవడం ఇదే మొదటిపాలి. చింతూరు దాకా కిరాయికెల్లి వచ్చినాను. రెండోది బేగి ఇచ్చెయ్యండి."

పద్దెనిమిదిన ఉందని చెప్పాను. గర్వంగా చెప్పాను. నా మందు ఒక మనిషిని చింతూరు దాకా పంపింది.

నవంబరు 7

తెరిసమ్మ గారు ఇక్కడ హెడ్ నర్సు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. అడ్రినలిన్ సీసాల తారీఖులు చూసుకుంటూ, నా వైపు తిరక్కుండానే అడిగింది: "భయమైతే మొదటిసారే రావాలి గదమ్మా? మొదటి డోసుకి సూది చూసి నవ్వినోళ్ళు, రెండోదానికెందుకు పడిపోతన్నారు?"

చిన్న చిన్న సంఖ్యల్లో ఇలాంటివి యాదృచ్ఛికంగా జరుగుతుంటాయని వివరించాను. పది నిమిషాలు వివరించాను. "సరేనమ్మా," అంది. నర్సుల "సరేనమ్మా"కి ఏ నిఘంటువులోనూ అర్థం ఉండదు.

నవంబరు 8

యాదృచ్ఛికమే.

నవంబరు 9

వలిసె చేల దగ్గర జనం బారులు తీరి ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను. మొహం జిడ్డుగా వచ్చింది. మళ్ళీ క్రీము రాసుకుని ఇంకోటి దిగాను.

పదకొండు మందిలో ముగ్గురు. యాదృచ్ఛికం కావడానికి ఎంత అవకాశం ఉందో మూడు పద్ధతుల్లో లెక్క వేశాను. ఒక పద్ధతిలో నాకు కావలసిన జవాబు వచ్చింది. ఆ పద్ధతే మంచిది.

నవంబరు 11, సోమవారం

దైవాధీనం గారికి ఈ పొద్దున రెండో డోసు. ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. డ్రిప్పు పెడుతుంటే పేపరు తెరుచుకుని, "భయమా? నేను మూడు ఎలక్షన్ డ్యూటీలు చేసినవాణ్ణి మేడమ్," అన్నారు. అందరం నవ్వాం.

నాలుగో నిమిషంలో పేపరు జారిపోయింది. మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. "నడుం... నడుం విరిగిపోతంది," అన్నారు. ఆ తర్వాత మాట లేదు, ఊపిరి కోసం వెతుకులాటే. బీపీ డెబ్భైకి పడిపోయింది. తెరిసమ్మ గారు డ్రిప్పు ఆపి, అడ్రినలిన్ పొడిచి, ఆక్సిజన్ పెట్టి, కాళ్ళు ఎత్తించి, "సారూ, నన్నే చూడండి, నన్నే చూడండి," అంటూనే ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడకి అడ్డం రాలేదు. నేను చేసిన సాయం అంతే.

గంటకి తేరుకున్నారు. దుర్గాప్రసాద్ గారు వచ్చి కాగితం మీద రాశారు: "భయం". కంపెనీ సాక్షి అన్న చోట నన్ను సంతకం చెయ్యమన్నారు.

చేశాను.

నవంబరు 12

పందుల సంగతి.

రెండేళ్ళ కిందట ల్యాబులో మేం ఆరు పందులకి ఇదే మందు ఇచ్చాం. మొదటిసారి ఏమీ కాలేదు. వారం తర్వాత రెండోసారి ఇస్తే రెండు పందులు నాలుగైదు నిమిషాల్లో కూలిపోయాయి. చర్మం నిన్న దైవాధీనం గారి మెడ ఉన్నట్టే ఎర్రగా. మత్తుమందు పడలేదని రిపోర్టులో రాశాం.

"రాశాం" అన్నది కంపెనీ మాట. రాసింది నేను.

వరహాలరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, "బిందూ, అనుమతి ఫారంలో ఎలుకలు అడిగారు, కోతులు అడిగారు. పందుల గడి ఉందా?" అన్నారు. లేదు. గడి లేని చోట నిజం ఎక్కడ రాస్తాం?

ఎలుకలు బాగానే ఉన్నాయి. ఎలుకలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఈ విషయంలో మనిషికి దగ్గరి చుట్టం పందే. ఇది నాకు అప్పుడూ తెలుసు.

నవంబరు 13

ఫోన్లో వరహాలరావు గారు: "నిన్ను కౌన్సెలింగుకి పంపించాను, కెమిస్ట్రీకి కాదు. వాళ్ళకి ధైర్యం చెప్పు. డిసెంబరులో నీ టైటిల్ ముందు 'సీనియర్' వస్తుంది."

"సార్, నలుగురు పడిపోయారు."

"నలుగురూ లేచారు కదా?"

ఆయన మాట నిజమే. ఆయన మాటలెప్పుడూ నిజాలే. పక్కనున్న ఇంకో నిజాన్ని కుర్చీతో సహా జరిపేస్తారు, అంతే.

నవంబరు 14

తెరిసమ్మ గారిని అడిగాను, దాచిన రక్తం నమూనాలు ఇస్తారా అని. మందు భద్రత కోసం పరీక్ష చేసుకోవచ్చని సమ్మతి పత్రంలో ఉంది. ఆవిడ తాళం తీసి, "ఇన్నాళ్ళూ ఎవరడుగుతారా అని చూస్తన్నాను," అంది.

డెంగీ పరీక్షలు చేసే మిషను ఉంది. మీటింగులో చూపించడానికి తెచ్చుకున్న కోటు పొడి నా దగ్గర ఉంది. ఆ పొడిని ప్లేటు గుంటలకి పట్టించి, పైన ఒక్కొక్కరి రక్తరసం చుక్క వెయ్యాలి. కోటుని గుర్తుపట్టే యాంటీబాడీలు ఆ రక్తంలో ఉంటే గుంట పసుపు రంగుకి తిరుగుతుంది. ఎంత ఉంటే అంత ముదురు. తేడా చూడటానికి ఏ దోషమూ లేని రక్తం ఒకటి కావాలి. నాది పెట్టాను.

నవంబరు 15

పడిపోయిన నలుగురి గుంటలూ ముదురు పసుపు. మొదటి డోసు వాళ్ళ ఒంటికి కోటుని పరిచయం చేసింది. రెండో డోసు వచ్చేసరికి ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి మీద పడింది. నేను ప్రపంచానికి కనపడదని అమ్మిన కోటు అది.

రెండో డోసుకి ఎదురుచూస్తున్నవాళ్ళు ఆరుగురు. అందులో ఇద్దరి గుంటలు పసుపు. అన్నిటికంటే ముదురు మల్లేశుది.

చివరి గుంట కూడా పసుపే. తెరిసమ్మ గారు కళ్ళజోడు సర్ది పేరు చదివింది. "ఇది మీదేనమ్మా. మీరు మొదటి డోసు కూడా తీసుకోలేదు గదా?"

తీసుకోలేదు. కానీ పెగ్ ఎక్కడ లేదు? విరేచనాల పొడిలో, మాత్రల పూతలో, షాంపూలో, నేను రోజూ రాసుకునే ఫేస్ క్రీములో. కొండవాళ్ళ ఒంట్లోనే ఏదో తేడా ఉందని దుర్గాప్రసాద్ గారు వ్యాసం ఒకటి మొదలుపెట్టారు. పాపం, దానికి చీపురుపల్లి రక్తం అడ్డొచ్చింది.

ఆయనకి ప్లేటు చూపించాను. "ధ్రువీకరించని పరీక్ష. ప్రోటోకాల్‌లో లేదు. సోమవారం డోసు సోమవారమే," అన్నారు.

తెరిసమ్మ గారు మల్లేశుకి చెప్పేస్తానంది. వద్దన్నాను. మీ ఉద్యోగం పోతుంది, ఈ మందు చేసినదాన్ని నేను, ఆదివారం లోపల నేనే చెబుతాను అన్నాను. బాగా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది కూడా.

నవంబరు 16

ట్రయల్‌కి అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీకి మెయిల్ రాశాను. పందుల పేజీ జతచేశాను. నెట్ లేదు. రేపు పంపుతాను.

నవంబరు 17, ఆదివారం

నెట్ వచ్చింది. భాష ఇంకొంచెం దిద్దాలి.

మల్లేశు వాళ్ళ ఊరికి జీపులో గంట దారి. వాన పడేలా ఉంది.

వాన పడలేదు.

నవంబరు 18, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తొమ్మిదింటికి మల్లేశు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి చెయ్యూపాడు. నేను తిన్నగా వెళ్ళి చెప్పొచ్చు. ఇరవై అడుగులు. ముందు కంపెనీ అనుమతి తీసుకుంటే పద్ధతిగా ఉంటుందనిపించి వరహాలరావు గారికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారు, పది నిమిషాల్లో చేస్తారన్నారు.

తెరిసమ్మ గారు ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చింది. "చెప్పారా అమ్మా?"

"ఆఁ," అన్నాను.

దుర్గాప్రసాద్ గారికి చెప్పాను కదా. ఆ లెక్కన అది అబద్ధం కాదు అని, ఆ క్షణంలో, నిజంగానే, అనుకున్నాను.

చెప్పినా మల్లేశు ఒప్పుకున్నాడు కాబోలు అనుకుని ఆవిడ వెళ్ళిపోయింది. నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు అయ్యాయి. ఫోన్ మోగలేదు. వార్డులో గంట మోగింది.

నేను వెళ్ళేసరికి మల్లేశు మంచం మీద విల్లులా లేచిపోయి ఉన్నాడు. బీపీ అందడం లేదు. సోములమ్మ కొడుకు పాదాలు పట్టుకుని ఏ భాషలోనో ఏదో అంటోంది. అది తెలుగు కాదు. చీపురుపల్లి పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

బతికాడు. నా గొప్ప కాదు. తెరిసమ్మ గారు సిరంజి ముందే నింపి ఉంచుకుంది. డ్రిప్పు కూడా రాసిన దానికంటే నాలుగో వంతు వేగంలోనే పెట్టిందట. ఆ వేగంలో పెట్టకపోతే ఒంట్లోకి ఎంత మందు వెళ్ళి ఉండేదో లెక్క వెయ్యగలను. వెయ్యను.

నవంబరు 19

బీపీ పడిపోయినందువల్ల కణాలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. మల్లేశుకి నొప్పి మొదలైంది. నా గదికీ వార్డుకీ మధ్య ఒక గోడే.

మెయిల్ పంపాను. పందుల పేజీ, ప్లేటు ఫొటో, నేను సంతకం చేసిన "భయం" కాగితం. భాష దిద్దలేదు.

నవంబరు 20

తెరిసమ్మ గారు మాట్లాడటం లేదు. కారిడార్లో ఎదురుపడితే ఆగి, "మీరు ఆఁ అన్నారు," అంది. అంతే. వెళ్ళిపోయింది.

నవంబరు 22

కమిటీ ట్రయల్ ఆపేసింది. కంపెనీ పత్రికలకి ప్రకటన ఇచ్చింది: "భద్రతే మా మొదటి ప్రాధాన్యం. మా అంతర్గత నిఘా వ్యవస్థ సమస్యను సకాలంలో గుర్తించింది."

ఆ అంతర్గత నిఘా వ్యవస్థని ఈ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. వరహాలరావు గారే స్వయంగా ఫోన్ చేశారు. ఈసారి ఆయనకి మీటింగు లేదు.

దుర్గాప్రసాద్ గారు కారిడార్లో కలిసి, "మొదటినుంచీ నాకూ అనుమానమే," అన్నారు.

నవంబరు 25

మల్లేశు లేచి కూర్చోగలుగుతున్నాడు. వెళ్ళి అంతా చెప్పాను. పందులు, రిపోర్టు, సంతకం, ప్లేటు, ఆదివారం, పడని వాన, తెరిసమ్మ గారితో అన్న "ఆఁ". సోములమ్మ మంచం అవతల కింద కూర్చుని వింది.

మల్లేశు అన్నాడు: "పందులకి ముందే తెలుసన్నమాట."

తలూపాను.

"మాకంటే పందులకే ముందు సెప్పినారు. బాగుంది మేడమ్." నవ్వబోయి పక్కటెముక పట్టుకున్నాడు. "మరి మందు ఆపేత్తారా?"

"ఆపేశారు."

"ఆ నెల... నొప్పి లేకుండా ఉన్నాది. అది మాత్రం అబద్ధం కాదు గదా?"

కాదన్నాను. మందు మంచిదే, చెడ్డది కోటు అన్నాను. పెగ్ బదులు ఒళ్ళు గుర్తుపట్టని ఇంకో పాలిమర్‌తో చెయ్యొచ్చు, లేదా ముందు రక్తం చూసి, పడనివాళ్ళకి మానేసి, మిగతావాళ్ళకి నెమ్మదిగా ఎక్కించొచ్చు, పందుల మీద కూడా మళ్ళీ మొదటినుంచి చూడాలి, ఏళ్ళు పడుతుంది అన్నాను. చెబుతుంటే నా గొంతులో పాత హుషారు వచ్చేసింది. సిగ్గేసింది.

సోములమ్మ అప్పుడు తలెత్తింది. "ఆ వేళ నువ్వు ఆపీసులో కూకున్నావు. గాజు కిటికీలోంచి నాకు కనపడ్డావు. పోను సూసుకుంటన్నావు. నా గుంటడు నీకు సెయ్యూపినాడు."

"తప్పైపోయిందమ్మా."

"తప్పని నాకు తెల్సు. నీకు ఎప్పుడు తెల్సిందని?"

నవంబరు 28

కమిటీవాళ్ళు శనివారం వస్తున్నారు. అందరి వాంగ్మూలాలూ తీసుకుంటారట. దుర్గాప్రసాద్ గారు తన కాగితాలన్నీ మళ్ళీ చదువుకుంటున్నారు. "భయం" అన్న మాట ఈసారి సరైన చోట ఉంది.

నా సామాన్లు సర్దుకున్నాను. శనివారం దాకా ఉంటాను. ఉండమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

నవంబరు 29

ఈ మధ్యాహ్నం తల్లీకొడుకులు నా గదికి వచ్చారు. మల్లేశు కర్ర ఊతతో. సోములమ్మ చేతిలో రూళ్ళ కాగితం, కొంగుకింద ఆఫీసులో అడిగి తెచ్చిన నీలం స్టాంపు ప్యాడు. మల్లేశు ఇంటర్ దాకా చదివాడు. రాసింది అతనే. కమిటీకి ఇస్తారట. నన్ను చదవమంది, పైకి.

చదివాను.

"బిందుమాధవి అను నేను ఈ మందు చేసినదానను. రెండోసారికి పందులు పడిపోయినవని తెలిసి దాచినాను. దైవాధీనం సారు పడిపోయింది మందు వల్లనని తెలిసి భయమని సంతకం పెట్టినాను. మల్లేశుకు పడదని తెలిసి చెప్పలేదు. చెప్పినానని నర్సమ్మతో అబద్ధం ఆడినాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నా భాషలో చదివి వినిపించగా అర్థం చేసుకుని, నా ఇష్టపూర్వకంగా ఒప్పుకొంటున్నాను."

ఆఖరి వాక్యం ఎక్కడిదో వెంటనే తెలిసింది. పేషెంట్ల చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకున్న మా సమ్మతి పత్రంలోది. అది రాసిన రోజున చాలా బాగా కుదిరిందని వరహాలరావు గారు మెచ్చుకున్నారు.

ఒకచోట ఒత్తు తప్పుంది. దిద్దుదామని పెన్ను తీశాను. సోములమ్మ నా చేతిలోంచి పెన్ను తీసేసుకుంది.

"సంతకం పెడతానమ్మా."

"వద్దు. సంతకంతో నువ్వు అబద్ధాలు కూడా రాసినావు. ఏలిముద్ర ఎయ్యి."

ప్యాడు తెరిచింది. నా బొటనవేలు తనే పట్టుకుని సిరాలో అదిమింది, పక్కకి జరక్కుండా కాగితం మీద ఒత్తింది. మొన్నటి దాకా కొడుకు పాదాలు పట్టుకున్న చేతులు. గట్టి చేతులు. ముద్ర శుభ్రంగా పడింది. ఊది ఆరబెట్టి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

"నాకొక కాపీ ఇస్తారా?" అని అడిగాను.

సోములమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"మాకెప్పుడైనా ఇచ్చినారేటి?" అంది.